కప్పున్న వంతెన, కప్పేసిన బోర్డు

డెల్బర్ట్ క్విలెన్ ప్రుయిట్ మిల్లు పాత ఊళ్ళో వంతెన సుంకరి. జీతం లేని ఉద్యోగం. అందుకే అది ఊడుతుందంటే అతనికంత భయం. జీతమున్న ఉద్యోగం పోతే జీతం ఒక్కటే పోతుంది. ఇది పోతే డెల్బర్ట్ నేరుగా వంటింట్లోకి వచ్చి పడతాడు.

వంటింటి సంగతి అతని భార్య ఒలీటా నోట వినాలి. స్కూలు బస్సు నడిపి నడిపి రిటైరైన ఏడాది, చలికాలమంతా ఇంట్లో కూచుని ఆవిడ మసాలా సీసాల్ని అక్షరాల వరసలో సర్దాడు. సర్ది ఊరుకోలేదు. ఉప్పు తీసినచోట పెట్టలేదని ఆవిడకి రెండుసార్లు గుర్తు చేశాడు.

"నువ్వూ నీ పింఛనూ ఒకేసారి ఇంటికొచ్చారు," అంది ఒలీటా. "పింఛను నెలకోసారి వచ్చి మర్యాదగా వెళ్ళిపోతుంది. నువ్వు వెళ్ళవు. వాగొడ్డున ఆ పాత ఊళ్ళో మనుషులు కావాలిట, పోయి ఏదో ఒక వేషం కట్టు."

వెళ్ళాడు, కట్టాడు. నార చొక్కా, వెడల్పు టోపీ, చేతిలో రాగి డబ్బులకో చెక్క గిన్నె. వంతెన మూతి దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్ళని ఆపి, "మనిషికో పైస, గుర్రానికి రెండు" అనడం అతని పని. బస్సులో అంతకాలం అతని వీపునే చూసిన జనం మొదటిసారి మొహం చూశారు. చూసి ఫొటోలు కూడా తీసుకున్నారు. డెల్బర్ట్ మొహానికి అది కొత్త. వంతెన మీద తన వంతొచ్చిందనుకున్నాడు.

ఊరంటే అది ఎవరి ఊరూ కాని ఊరు. ఇండియానాలో ఆ కౌంటీ అంతటా కూలడానికి సిద్ధంగా ఉన్న దుంగల ఇళ్ళన్నీ లారీలకెత్తి తెచ్చి వాగొడ్డున పేర్చారు. చర్చి ఒక ఊరిది, బడి ఇంకో ఊరిది, జైలు మూడో ఊరిది. దొంగ మాత్రం లోకల్. ఆ దొంగ వేషం కట్టేవాడు బ్యాంకులో పనిచేస్తాడు. ఏడాది పొడుగునా అక్కడ ఒకటే ఏడాది నడుస్తుంది, 1838. గేటు తెరిచింది మొదలు మూసేదాకా, ఆ తర్వాత పుట్టిన వస్తువేదీ ఎవరికీ తెలియకూడదు. విమానం పైనుంచి పోతే తల ఎత్తకూడదు. ఎత్తినా "ఏం పక్షో" అనాలి.

ఈ చట్టం మిసెస్ వినిఫ్రెడ్ థ్రాషర్‌ది. ఊరి పెద్ద ఆవిడే. ఆవిడ తలకి కట్టుకునే బానెట్టుకి కుట్టు మిషను కుట్టు ఒక్కటి కూడా ఉండదు, ఆవిడ మాటకి తిరుగుండదు. మూడుసార్లు కాలం తప్పినవాడికి ఆరంజి రంగు చొక్కా తొడిగి కార్లు నిలిపే పొలానికి పంపిస్తుంది. అంటే వర్తమానంలో బతకడమే అక్కడ శిక్ష.

డెల్బర్ట్ అప్పటికి రెండుసార్లు తప్పాడు. ఒకసారి ఎవరో గిన్నెలో పైస వేస్తే "ఓకే" అన్నాడు. ఆ మాట అచ్చులో పుట్టడానికి ఇంకో ఏడాది ఉందట. రెండోసారి అతని టోపీ మోగింది. ఒలీటా మజ్జిగ తెమ్మని ఫోను చేసింది.

వింతేమిటంటే ఆ వంతెన కట్టింది 1876లో. అంటే డెల్బర్ట్ ఇంకా కట్టని వంతెన మీద, ఎన్నడూ లేని సుంకం వసూలు చేస్తున్నాడన్నమాట. ఈ మాట ఒకసారి అడిగాడు కూడా.

"చరిత్ర అన్నాక కొంచెం సర్దుకుపోవాలి, మిస్టర్ క్విలెన్," అంది మిసెస్ థ్రాషర్.

చరిత్ర సర్దుకుంది. మనుషులకే ఆ సదుపాయం లేదు.

అక్టోబరు వేడుకల శనివారం పొద్దున్న, గేటు తెరవకముందే డెల్బర్ట్ వంతెన దగ్గరికొచ్చేసరికి కౌంటీ వాళ్ళ పసుప్పచ్చ బోర్డు కనపడలేదు. దాని బదులు కర్రకి తగిలించిన గోనెసంచి కనపడింది. మిసెస్ థ్రాషర్ గోనె చుట్టూ తాడు బిగిస్తోంది.

"అది ఎత్తు బోర్డు కదండీ," అన్నాడు డెల్బర్ట్.

"రాష్ట్ర వారసత్వ సంఘం వాళ్ళు వస్తున్నారు. ఆ పసుపు చూస్తే ఏమనుకుంటారు?"

"కప్పు పదకొండడుగులే ఉందని అనుకుంటారు."

"పద్దెనిమిదివందల ముప్పై ఎనిమిదిలో పదకొండడుగుల గుర్రం ఉండేదా?"

"ఉండేది కాదు."

"మరింకేం," అని ఆవిడ ముడి వేసింది.

కౌంటీ రోడ్డు ఇప్పటికీ ఆ వంతెన లోంచే పోతుంది. ఊరి కార్లకి ఆ దారి తెలుసు, లారీలకి రాకూడదని తెలుసు. ఏమీ తెలియనివాళ్ళు ఫోను చెప్పిన దారిన వస్తారు. ఆ మాట నోటిదాకా వచ్చింది గానీ గేటు దగ్గర గంట కొట్టారు. గంట కొట్టాక ఫోన్లు లేవు, లారీలు లేవు. డెల్బర్ట్ నోట్లో మాట కూడా లేకుండా పోయింది.

పదయ్యేసరికి ఊరు కిటకిటలాడింది. రాగి బానలో ఆపిల్ పండ్ల గుజ్జు ఉడుకుతోంది, పొడుగాటి తెడ్డు వంతులవారీగా చేతులు మారుతోంది. టోపీ అంత వెడల్పున్న పందిమాంసం వేపుడు చిన్న బన్నులోంచి నాలుగు వైపులా వేలాడుతోంది. కొలిమి దగ్గర డాక్టర్ రాయిస్ కెంప్ లాడం సాగగొడుతున్నాడు. రాయిస్ వారమంతా పళ్ళ డాక్టరు, శని ఆదివారాలు కమ్మరి. పట్టకారు రెండు ఉద్యోగాల్లోనూ ఒకటే. కొలిమి వేడి పడక, వంతెన నీడ మీద అతనికి ఎప్పట్నుంచో కన్నుంది.

"ఏం సుంకరీ, ఇవాళ టోపీ మోగట్లేదే," అన్నాడు అటు వస్తూ.

"ఇంట్లో మజ్జిగ ఉంది," అన్నాడు డెల్బర్ట్. "నువ్వు నీ ఇనుము చూసుకో. నా స్థానం ఇంకా కదల్లేదు, పీకడానికి."

సరిగ్గా అప్పుడు ఆ బండి వచ్చింది. పక్క రాష్ట్రం ఒహాయోది. ఒక ఇంటికి చక్రాలు పెట్టి, పక్కన కొండలూ సూర్యోదయాలూ రంగుల్లో అచ్చేసి అద్దెకిచ్చినట్టుంది. నెత్తిమీద ఏసీ డబ్బా. వంతెన మూతి ముందు ఆగింది. కిటికీలోంచి ట్రెంట్ అనే భర్త తల బయటపెట్టాడు. పక్కన మెలిండా అనే భార్య ఫోను బయటపెట్టింది. ఇటు పక్కన మిసెస్ థ్రాషర్ వారసత్వ సంఘం వాళ్ళు ముగ్గుర్ని వెంటేసుకుని నిలబడి చూస్తోంది.

"పెద్దాయనా, మా బండి ఇందులో పడుతుందా?" అనడిగాడు ట్రెంట్.

పట్టదని చూడ్డానికి కళ్ళుంటే చాలు. కానీ డెల్బర్ట్ కళ్ళు 1838లో ఉన్నాయి. మిసెస్ థ్రాషర్ వంక చూశాడు. ఆవిడ కనుబొమ్మలు గోనెసంచి ముడిలా ఉన్నాయి.

"అయ్యా, తమ బండి చూశాను," అన్నాడు. "గుర్రాలేవీ?"

"మూడొందలున్నాయి, ముందు డబ్బాలో."

"మూడొందల గుర్రాల్ని డబ్బాలో కుక్కినవారు నాబోటి పేదవాడి మాట వింటారా? తమ బండి తలెగరేసుకుని ఉంది. మా వంతెన తల దించుకుని ఉంది. ఈ ఇద్దరికీ పడదు."

మెలిండా పకపకా నవ్వింది. "ఎంత బాగా చెబుతున్నాడో చూడు. ఇంకోటి అనండి."

"అమ్మా, ఆ నెత్తిమీది మూట దించుకుంటే గానీ లోపలికి అడుగు పెట్టకండి. మా దూలం మొరటుది, మొట్టికాయ వేస్తుంది."

సంఘం వాళ్ళు తలలూపారు. మిసెస్ థ్రాషర్ వాళ్ళవైపు వంగి, "మా సుంకరి," అంది. 'మా' అన్న మాట ఆవిడ నోట డెల్బర్ట్ గురించి రావడం అదే మొదలు. అతని ఛాతీ అంగుళం పొంగింది. ఆ పొంగులో, చెప్పదలుచుకున్నది చెప్పేశానని కూడా ఒక క్షణం అనుకున్నాడు.

ట్రెంట్ ఒక నోటు చెక్క గిన్నెలో వేసి, "అదరగొట్టావు," అని బండి కదిలించాడు.

గిన్నె చేతిలో ఉంది, 'మా' చెవిలో ఉంది, ఏసీ డబ్బా దూలం వైపు పోతోంది. నోరు మూసుకుంటే వంతెన పోతుంది. తెరిస్తే వంతెన మీంచి తను పోతాడు. డెల్బర్ట్ గిన్నె వదిలేశాడు.

"ఆపండి. రివర్స్ గేరెయ్యండి. పైన ఏసీ తగుల్తుంది, కప్పు పదకొండడుగులే."

ట్రెంట్ బ్రేకేశాడు, మెచ్చుకోడానికి. "ఇదేం వేషం మళ్ళీ?"

"వేషం కాదండీ. నా పేరు డెల్బర్ట్ క్విలెన్. స్కూలు బస్సు డ్రైవర్ని."

"మెలిండా, ఇప్పుడు బస్సు డ్రైవరయ్యాడు. తీస్తున్నావా?"

"తీస్తున్నా, తీస్తున్నా."

డెల్బర్ట్ టోపీ తీసి అందులోంచి ఫోను తీసి చూపించాడు. చుట్టూ చేరిన జనం చప్పట్లు కొట్టారు. కుందేలు కూడా వస్తుందేమోనని ఒకావిడ టోపీలోకి తొంగి చూసింది. ఈలోపు ఇదంతా ఆటలో భాగమనుకుని రాయిస్ సుత్తి పట్టుకుని వచ్చేశాడు.

"అయ్యో, మా సుంకరికి పూనకం వచ్చింది," అన్నాడు జనంతో. "రాని కాలం గురించి మాట్లాడుతున్నాడు. పాపం, జోస్యం."

"రాయిస్, నోర్ముయ్. నిజంగా తగుల్తుంది."

"చూశారా, రాయిస్ ఎవరో నాకు తెలియదు. నేను కమ్మరి ఎజకీల్‌ని."

బండి మళ్ళీ కదిలింది. డబ్బా నీడ దూలం మీద పడింది. డెల్బర్ట్ పరుగెత్తి గోనెసంచిని రెండు చేతులా పట్టుకుని, ముడి ఊడకపోతే కర్రకి కాలు తన్నిపెట్టి లాగాడు. గోనె చిరిగింది. పసుప్పచ్చ బోర్డు మెరిసింది. పదకొండు అడుగులు.

ట్రెంట్ ఠక్కున ఆపేశాడు. మొహం పాలిపోయింది. మనిషి గొంతు చించుకుంటే నమ్మనివాడు, గోనె చించుకుంటే నమ్మాడు.

"ముందే చెప్పొచ్చు కదా," అన్నాడు.

డెల్బర్ట్ బండి వెనక్కి వెళ్ళాడు. చేతులూపుతూ ఆ ఇంటిని మెల్లగా వెనక్కి నడిపించాడు. దారిలో గుమ్మడికాయల కుప్ప ఒకటి పప్పయింది. అంతకుమించి ఏం కాలేదు. వంతెన వంతెనలాగే ఉంది.

మిసెస్ థ్రాషర్ దగ్గరికొచ్చింది. వెనకే సంఘం వాళ్ళున్నారు. ఇంకా 1838 నడుస్తోంది.

"మిస్టర్ క్విలెన్. ఇందాక దేన్ని చూసి అరిచారు?"

"దేన్నంటారా. మీకేం కనపడింది, మేడమ్?"

ఆవిడ నోరు తెరిచింది. ఆ నోట్లోకి రాబోయిన మాటకి ఇంకా పుట్టుక లేదు. మూసేసింది. "గేటు మూశాక, చర్చిలో," అంది. బానెట్టు రిబ్బను అదిరింది.

సాయంత్రం చర్చిలో కమిటీ కూచుంది. కాలం మారింది గనక అందరూ కళ్ళజోళ్ళు పెట్టుకున్నారు. పర్సిమన్ పండ్ల పుడ్డింగు, కప్పుల్లో కాఫీ నడుస్తున్నాయి. కప్పు గురించి మాట్లాడాల్సినవాళ్ళంతా కప్పుల్లోకి చూస్తున్నారు. ఒలీటా వెనక వరసలో ఊలు అల్లుతూ కూచుంది. డెల్బర్ట్ నిలబడే ఉన్నాడు, ఆరంజి చొక్కా తొడిగించుకోడానికి చేతులు కాస్త దూరంగా పెట్టుకుని.

"మూడో తప్పు," అని మొదలెట్టింది మిసెస్ థ్రాషర్. "కానీ ఆ మెలిండా అనే ఆవిడ తీసిన వీడియో మధ్యాహ్నం నుంచి ఊరూరా తిరుగుతోంది. పూనకం సుంకరి ఆట ఎన్ని గంటలకని గేటుకి ఫోన్ల మీద ఫోన్లు. సంఘం వాళ్ళు కూడా బాగుందన్నారు. అందుకని కమిటీ ఒకటి అనుకుంది. రాయిస్ బావమరిదికి అలాంటి బండే ఉంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తెస్తాడు. మీరు ఇవాళ చేసినట్టే చెయ్యాలి. టోపీ, ఫోను, చివర్న గోనె. తప్పులు మూడూ కొట్టేస్తాం. వంతెన ఇక మీదే."

డెల్బర్ట్ చేతులు దగ్గరికి తెచ్చుకున్నాడు. వంతెన పోలేదు. పోకపోగా అతని ఆటే ఊరి ఆటయింది. నవ్వొచ్చింది, సగంలో ఆగింది.

"మరి నిజం బండి వస్తే?"

"అప్పుడూ అరవండి," అన్నాడు రాయిస్.

"ఇవాళ అరిస్తే ఎవరు నమ్మారు? నువ్వే నమ్మలేదు. రోజుకి రెండుసార్లు ఆట ఆడాక ఇంకెవరు నమ్ముతారు? పోనీ, బోర్డు మీద ఆ గోనె ఉండకుండా చూడండి, చాలు."

"గోనె లేకపోతే చివర్న చింపడానికి ఏముంటుంది?" అంది మిసెస్ థ్రాషర్, నిజంగా అర్థంకాక.

"అయితే వంతెనకి ముందున్న మలుపు దగ్గర రోడ్డుకి అడ్డంగా ఇనప గొట్టం వేలాడదీద్దాం. తగిలితే మోగుతుంది."

"ఇనప గొట్టం అప్పట్లో లేదు."

"రాయిస్ బావమరిది బండి ఉందా?"

"అది ప్రదర్శన, మిస్టర్ క్విలెన్."

డెల్బర్ట్ వెనక్కి తిరిగి ఒలీటాని చూశాడు. ఆవిడ అల్లిక మీంచి తల ఎత్తలేదు.

"నన్నేం చూస్తావు," అంది. "ఎక్కడైనా నిలబడు. ఇంట్లో మాత్రం కాదు. మసాలా సీసాలు ఇప్పుడిప్పుడే కుదురుకుంటున్నాయి."

అతను బల్ల మీదున్న ఆరంజి చొక్కా తనే తీసుకున్నాడు. "పొలంలో కాదు, మలుపు దగ్గర నిలబడతాను," అన్నాడు. "అది మీ హద్దు బయట. అక్కడ ఈ ఏడాదే నడుస్తోంది."

"వంతెన ఎవరికో ఇచ్చెయ్యాల్సి వస్తుంది," అంది మిసెస్ థ్రాషర్.

"రాయిస్‌కి ఇవ్వండి. అతని పూనకం నాకంటే బాగుంటుంది."

రాయిస్ పుడ్డింగు చెంచా నోట్లోనే ఉంచుకుని తలూపాడు. అంత తేలిగ్గా వచ్చినదాన్ని ఏం చేసుకోవాలో తెలియక, ఇంకో ముక్క వడ్డించుకున్నాడు.

ఆదివారం పొద్దున డెల్బర్ట్ మలుపు దగ్గర నిలబడ్డాడు. మేపుల్ చెట్ల సందుల్లోంచి వంతెన ఎర్రగా కనపడుతోంది. లోపల్నుంచి రాయిస్ గొంతు, జనం నవ్వులు, చివర్న గోనె చిరిగిన చప్పుడు, చప్పట్లు. రాయిస్ 'రివర్స్' అనే మాట మరీ పాటలా లాగుతున్నాడు. అలా అంటే ఏ డ్రైవరూ గేరు మార్చడు. వెళ్ళి ఆ మాట చెప్పిరావాలనిపించింది, ఆపుకున్నాడు డెల్బర్ట్.

పడమటి నుంచి ఒక ఎత్తు బండి వచ్చింది. డెల్బర్ట్ చెయ్యెత్తాడు. ఆగింది. ఆరంజి చొక్కా వేసుకున్నవాడు ఆపితే ఎందుకని ఎవరూ అడగరు. ఫొటో కూడా తీయరు.

"ముందు వంతెన తక్కువ ఎత్తు," అన్నాడు. "ఎడమకి తిరిగి మిల్లు రోడ్డెక్కండి."

నడిపేది తెల్లజుట్టు ఆవిడ. పటం మడిచి పక్కన పెట్టింది. "అక్కడ చూడాల్సిందేమైనా ఉందా? అంత చప్పుడవుతోంది."

డెల్బర్ట్ వెనక్కి తిరిగి వంతెన వంక చూశాడు. అటు తిరిగిన మొహం ఇటు తిప్పడానికి కాస్త సేపు పట్టింది.

"బండి ఇక్కడే పక్కన పెట్టండి, నేను చూస్తుంటాను," అన్నాడు. "నడిచెళ్ళండి. లోపల చల్లగా ఉంటుంది."