ఎనిమిదో బుట్ట

చీపురుపల్లిలో నా దుకాణానికి ఎవరూ సంతోషంగా రారు. మరుగుదొడ్డిలో వదలని మరకో, నూతి నీళ్లలో పురుగులో, ఏదో ఒక కష్టం ఉంటేనే ఆసిడ్, బ్లీచింగ్, ఫినాయిల్ అమ్మే నరసింగరావు గుర్తొస్తాడు. మనుషుల కష్టం మీద లాభం తీస్తున్నందుకు నాకు సిగ్గు లేదు. డాక్టర్లకు ఉందా?

ఇరవై రెండేళ్లలో నేను నేర్చిన విద్య ఒక్కటే. ఖాళీగా కదిలే ప్రతిదీ నష్టం. బండి ఖాళీగా తిరిగొస్తే నష్టం, మనిషి ఖాళీ చేతులతో ఊరికి వెళితే నష్టం.

నా వ్యాను నడిపే బెన్హర్‌కి ఈ విద్య ఎంత చెప్పినా అంటలేదు. ప్రమాదకరమైన సరుకు మోసే డ్రైవర్లకు మూడు రోజుల క్లాసు ఉంటుంది. ఆ క్లాసు చదివినట్టు లైసెన్సులో రాయించుకోకపోతే బండి ఆపేస్తారు. అందుకని కిందటేడు వాణ్ణి విజయనగరం పంపాను. ఫీజు నాది, బత్తా నాది, మూడు పూటల భోజనం నాది. నేను కాగితం కోసం పంపితే వాడు చదువుకుని వచ్చాడు. నష్టం అక్కడ మొదలైంది.

వచ్చిన వారమే డబ్బాలు పక్కకి ఒరక్కుండా బండిలో చెక్క గళ్లు కొట్టించాడు. మరుసటి వారం ఆసిడ్, బ్లీచింగ్ ఒకే ట్రిప్పులో ఎక్కించనన్నాడు.

"రెండూ కలిసాయంటే విషగాలి లేస్తాది సావుకారూ. పీల్చినోడి ఊపిరితిత్తులు కాలిపోతాయి."

"ఇరవయ్యేళ్లుగా కలిపే పంపుతన్నానురా. ఎవుడు పోయాడు?"

"ఎవుడూ పోనేదు కాబట్టే మీరీ మాట అనగలుగుతన్నారు."

ఒక ట్రిప్పు రెండయింది. నేను గొణిగాను గాని గట్టిగా అనలేదు. రాజాంలో ఇదే వ్యాపారం చేసే ఒకాయన వాడికి అప్పుడప్పుడూ ఫోను చేస్తున్నాడని నాకు తెలుసు. అలాంటి లైసెన్సున్న డ్రైవరు మా చుట్టుపక్కల వీడొక్కడే. వీడు వెళితే నా బండి షెడ్డులో కూర్చుంటుంది, నేను ఇంట్లో కూర్చుంటాను. వాడు నాకొక్కటే చెప్పాడు: "నాకు తెలీకుండా ఈ సరుకు ఎక్కడికైనా కదిలిందా, తాళాలు బల్ల మీద ఎట్టేసి ఎళ్లిపోతాను."

శ్రావణంలో నా మరదలికి సీమంతం వచ్చింది. ఆమె అత్తవారిది కోటబొమ్మాళి. నా భార్య ముందే వెళ్లిపోయింది. మా అత్త జగ్గమ్మ మా ఇంట్లోనే మకాం వేసి అరిసెలు, సున్నుండలు, చలిమిడి, లడ్డూలు చేయించి ఏడు బుట్టల సారె కట్టింది. మర్నాడు పొద్దున్న బెన్హర్ బ్లీచింగ్ బస్తాలతో కళింగపట్నం రొయ్యల హేచరీకి వెళుతున్నాడు. శ్రీకాకుళం దాకా బుట్టలూ అత్తా అందులో వెళితే సగం దారి కలిసొస్తుందని నా లెక్క. వాడు కుదరదన్నాడు. పెద్దావిడ మాట కాదనలేడని అత్తని ముందుకి తోశాను.

"ఏటిరా బెన్హరూ, నా బుట్టలు నీ బండికి బరువా?"

"బరువు కాదు పెద్దమ్మా. నీ ఊరగాయ జాడీలో ఎవులైనా తడి గరిటె ఎడితే ఊరుకుంటావా?"

"సెయ్యిరగ్గొడతాను."

"నా బండీ అంతే. తినేవి అందులో ఎక్కవు."

అత్త నా వైపు తిరిగింది. "అల్లుడూ, ఇన్నేళ్లూ దీపావళి మిఠాయిలు మాకు ఏ బండిలో పంపావు?"

నేను రైలు ఎన్నింటికో కనుక్కోవడానికి వెళ్లిపోయాను.

తెల్లవారి, బెన్హర్ బయలుదేరిన కాసేపటికి, కోటబొమ్మాళి నుంచి జగన్నాధం ఫోను చేశాడు. అక్కడ నా సరుకు అమ్మే కిరాణా కొట్టు అతనిది.

"కల్యాణమండపంవోళ్లకి పది లీటర్ల ఆసిడ్ ఇయ్యాలే కావాలంట. తెస్తావా, టెక్కలికి ఫోను సెయ్యమంటావా?"

ఒకసారి టెక్కలి సరుకు రుచి మరిగిన ఖాతాదారు మళ్లీ నా మొహం చూడడు. ఆసిడ్ లోడు రేపు గాని కదలదు. కాని నేను ఇవాళే కోటబొమ్మాళి వెళుతున్నాను. పైగా నా చేతులు ఖాళీ.

బజారుకి పరిగెత్తి అత్త కొన్నలాంటి బుట్టే కొన్నాను. ఐదేసి లీటర్ల డబ్బాలు రెండు, సందుల్లో గడ్డి, పైన పసుపు గుడ్డ. పైభాగం మిగతా బుట్టల్లా గుండ్రంగా కనబడాలని ఒక డబ్బాని పక్కకి పడుకోబెట్టాను. అత్త భరిణలోంచి కుంకం తీసి గుడ్డ మీద బొట్టు పెట్టాను. రైల్లో ఇలాంటివి ఎక్కించకూడదని నాకు తెలియదని అబద్ధం చెప్పను. తెలుసు. సారె బుట్టని ఈ జిల్లాల్లో ఎవరూ విప్పి చూడరని కూడా తెలుసు. రవాణా ఖర్చు సున్నా. ఆ సున్నా నాకెంతో ముద్దొచ్చింది.

స్టేషనులో హడావిడిగా ఎక్కేశాం. ప్యాసింజరు కదిలాక అత్త బుట్టలు లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"ఎనిమిదేటి?"

"నేనొకటి కలిపానత్తా. లడ్డూలు, నా తరపున."

"బుద్దుందా నీకు? సారె సరిసంఖ్యలో అట్టుకెళ్తారా? ఆ వియ్యపురాలు గుమ్మంలోనే లెక్కెడతాది. తొమ్మిదన్నా సెయ్యాలి, ఏడన్నా ఉంచాలి."

నా బతుకంతా లెక్కలే. సారె బేసి సంఖ్యలో ఉండాలన్న సంగతి మాత్రం ఆ లెక్కల్లోకి రాలేదు.

"అయితే ఇది మనింటికి తిరిగి తెచ్చేస్తాన్లే."

"సారెకని కట్టింది వెనక్కి తెస్తాడంట!" అత్త గొంతు పెంచింది. "ఒలే అమ్మలూ, రండర్రా, లడ్డూలు అట్టుకెళ్లండి!"

అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. పదకొండు మంది లేచి వచ్చారు. ఒక నిండు చూలాలు, చంకలో బిడ్డతో ఒకావిడ, బడి పిల్లలు, పలాస వెళ్లే ముసలాయన. అందరివీ చాచిన చేతులు. నేను బుట్టకి అడ్డంగా కూర్చున్నాను.

"ఒద్దత్తా."

"ఏం, పాసిపోనాయా?"

"కాదు, వేడిగా ఉన్నాయి."

"లడ్డూలు వేడిగా ఉండడమేటి!"

బోగీ అంతా నవ్వింది. "మా అల్లుడు పిల్లికి బిచ్చమెయ్యడమ్మా" అని అత్త అందరికీ నన్ను పరిచయం చేసింది. పిసినారి అనిపించుకోవడం నాకు కొత్త కాదు. ఆ మాట ఒప్పుకుంటే గట్టెక్కుతాననిపించింది.

"అవును, పిసినారినే. ఒక్కటీ ఇవ్వను."

ముసలాయన నవ్వుతూ వెనక్కి తగ్గాడు. చూలాలు మాత్రం ముందుకు వంగి, "ఒక్కటియ్యి బాబూ, నోరూరతన్నాది" అంటూ గుడ్డ ముడి మీద చెయ్యి వేసింది. అప్పుడే అత్త అంది:

"అదేటి, బొట్టు అలాగయిపోనాది?"

ఏడు బుట్టల మీద బొట్లు ఎర్రగా ఉన్నాయి. ఎనిమిదో బుట్ట మీద బొట్టు పసుపు తిరిగింది.

"నా సేత్తో పసుపులో సున్నం కలిపి సేసిన కుంకం. ఎన్నడూ రంగు మారనేదు."

అలాంటి కుంకం పులుపు తగిలితే మళ్లీ పసుపవుతుంది. ఆ మాత్రం నా వ్యాపారం నాకు తెలుసు. పడుకోబెట్టిన డబ్బా మూత దగ్గర కారుతోంది. ఘాటు నా ముక్కుకి తగిలింది. చూలాలి మొహం దానికి నాకంటే దగ్గరగా ఉంది.

"ముట్టుకోకు! అది ఆసిడ్!"

నవ్వు ఆగిపోయింది. అందరికంటే ముందు అత్త కదిలింది. చూలాలి రెక్క పట్టి లాగి, పిల్లల్ని అవతలి చివరికి తోలి, కిటికీలన్నీ ఎత్తించింది. నన్ను ఒక్క తిట్టూ తిట్టలేదు. దానికే నాకు భయం వేసింది. నేను గుడ్డ తీసి డబ్బాని నిలబెట్టాను. బొటనవేలు చురుక్కుమంది. బెన్హర్‌కి ఫోను చేస్తే ఎత్తలేదు. బండి నడిపేటప్పుడు వాడు ఎత్తడు.

"పొందూరొస్తన్నాది. దిగిపో" అంది అత్త.

దిగాను. రైలు కదులుతుంటే కిటికీలోంచి వేలు చూపిస్తూ బుట్టలు లెక్కపెట్టుకుంది. "ఏడు. సరిపోనాది" అని మొహం తిప్పేసుకుంది.

స్టేషను బయట ఒక బోరింగు ఉంది. బుట్టని దూరంగా ఖాళీ స్థలంలో పెట్టి చెయ్యి కడుక్కుంటుంటే బెన్హర్ ఫోను వచ్చింది. అంతా చెప్పాను. చివరిదాకా విన్నాడు.

"సెయ్యి నీళ్లకింద ఎంతసేపెట్టారు?"

"రెండు నిమిషాలు."

"పావుగంట ఎట్టండి. అప్పుడు మాటాడతాను." పెట్టేశాడు.

పావుగంటయ్యాక నేనే చేశాను. "వొచ్చి ఇది అట్టుకెళ్లరా."

"బండి నిండా బ్లీచింగు ఉన్నాది సావుకారూ. ఆ ఆసిడ్ పక్కకి నానెలాగ వస్తాను? దింపి, బండి కడిగి వస్తాను. బుట్ట మీంచి గాలొచ్చే పక్క కూసోకండి. ఎవుల్నీ దగ్గిరికి రానియ్యకండి."

తొమ్మిదింటి నుంచి నాలుగున్నర దాకా నా ఆసిడ్‌కి నేనే కాపలా కాశాను. దారిన పోయిన ప్రతివాళ్లూ "సారె బుట్టా బాబూ? ఏ ఊరు?" అని పలకరించారు. "ఆసిడ్, దూరంగా పొండి" అని పంతొమ్మిది సార్లు చెప్పాను. మధ్యాహ్నం జగన్నాధం ఫోను చేసి, టెక్కలి వాళ్లు సరుకు పంపేశారన్నాడు. సీమంతం భోజనం పోయింది, ఖాతా పోయింది, వేలు బొబ్బలెక్కింది. ఇవన్నీ నాకు కూడడం వచ్చిన లెక్కలే. ఆ పదకొండు మందిని ఏ వరసలో వెయ్యాలో మాత్రం తెలియలేదు.

బెన్హర్ వచ్చాడు. బండి నేల ఇంకా తడిగా ఉంది. తాళాలు వాడి చేతిలో ఉన్నాయి. నేను వాటినే చూస్తున్నాను.

"ఎంతమంది ఉన్నారు?"

"పదకొండు."

"సంటిబిడ్డతోనా?"

"బిడ్డతో పన్నెండు."

"కడుపులోది?"

"పదమూడు" అన్నాను.

వాడు తాళాలు జేబులో వేసుకుని, రబ్బరు తొడుగులు నా చేతికిచ్చాడు. కారుతున్న డబ్బాని పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములోకి నాచేతే దింపించాడు. తాడు నాచేతే కట్టించాడు. లాగి చూసి "వదులు" అన్నాడు. మళ్లీ కట్టాను. "వదులే." మూడోసారికి ఏమీ అనలేదు.

"రాజాం ఆయన ఫోను చేసాడా?" అని అడిగాను. అడక్కుండా ఉండలేకపోయాను.

"పొద్దున్న సేసాడు."

"నువ్వేటన్నావు?"

"అప్పటికి మీ సంగతి నాకు తెలీదు కదా, కుదరదన్నాను."

"ఇప్పుడు తెలిసింది."

వాడు డోరు తీశాడు. "రేపు ఆసిడ్ లోడు. ఏడింటికి షాపు తియ్యండి. ప్రతి డబ్బా మూతా నాను సూసాకే ఎక్కాలి."

"ఏడింటికి కళాసీలు రారురా."

"మీరొస్తారు కదా."

ఇరవై రెండేళ్లలో నా దుకాణం ఎన్నింటికి తియ్యాలో నాకు చెప్పినవాడు లేడు. మర్నాడు ఆరూ యాభైకి తీశాను.