పైకెక్కే బండికి బ్రేకెందుకు

నేను ఒక జీపుని. అలాంటిలాంటి జీపుని కాదు, నాలుగు చక్రాలూ లాగే జీపుని. ఈ సంగతి నా ఒంటిమీద తెల్ల అక్షరాలతో రాసి ఉండేది. రాసింది నిజమే. కాని ఆ నాలుగు చక్రాల చేతా పని చేయించిన మనిషి నా బతుకు మొత్తంలో ఒక్కడే దొరికాడు. ఆయనా ఇష్టపడి చేయించలేదు, గతిలేక చేయించాడు.

నా ఒంటి తీరు ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగిన బేరం మీకు అర్థం కాదు. మామూలు దారిలో నా వెనక చక్రాలు రెండే లాగుతాయి. ముందువి రెండూ ఉమ్మడి ఇంట్లో పనిచేయని తమ్ముళ్లలాగా ఊరికే దొర్లుతూ వస్తాయి. రాళ్ల దారి వచ్చినప్పుడు ఆ తమ్ముళ్లను పనిలోకి దించాలంటే రెండు పనులు చేయాలి. లోపల ఉన్న చిన్న గేరు కర్ర లాగాలి. ఆపైన కిందికి దిగి, ముందు చక్రాల నట్టనడుమ ఉన్న గుండ్రటి బిళ్లలను చేత్తో తిప్పాలి. కర్ర లాగి బిళ్లలు తిప్పకపోవడమంటే శుభలేఖలు పంచి పెళ్లికూతుర్ని వెతకడం మరిచిపోవడమే.

నన్ను బిగించిన షెడ్డులో ఈ ముక్క ఒక పుస్తకంలో వేసి సీటు కింద పెట్టారు. నా మొదటి యజమాని ఒక సర్కారు కచేరీ. అక్కడి దొరలు ఆ పుస్తకం కాగితాల్లో వేరుశెనక్కాయలు చుట్టుకుని తిన్నారు. కొండలు కొలవడానికని నన్ను తెప్పించి, ఆఫీసుకూ అత్తగారింటికీ మధ్య దూరం మాత్రం బాగా కొలిచారు. తర్వాత వేలంలో నన్ను కొన్నాయన ఎన్నికలకు మైకులు అద్దెకిచ్చేవాడు. పొద్దున ఒక జెండా, సాయంత్రం ఇంకో జెండా. నాకు ఏ పార్టీ మీదా కోపం లేదు. అందరూ నా బానెట్ మీద ఎక్కి మాటిచ్చారు, దిగాక అందరూ సమానంగా మరిచిపోయారు.

మూడో యజమాని కేశవశెట్టి. రాయచోటి వైపు ఒక సంత ఊళ్లో చింతపండు వ్యాపారి. జ్వరం వచ్చినా ఈ జ్వరంలో తనకేం మిగులుతుందని చూసే మనిషి. నా సీట్లు పీకి బస్తాలు వేశాడు. నేనూ తక్కువదాన్ని కాదు, బస్తాకొక దగ్గు చొప్పున ఊరంతా వినపడేట్టు దగ్గాను. చివరికి పాత ఇనుము కొనేవాడు వచ్చి, సంతలో ఎద్దును చూసినట్టు నా చుట్టూ తిరిగి, చక్రం మీది ఇనుప రెక్కను తట్టి వెళ్లాడు. నా కథ ముగిసిందనే అనుకున్నాను.

అప్పుడు గుండ్లకోన కబురు వచ్చింది.

గుండ్లకోన కొండమీది ఊరు. పైన నేల చదును, దానినిండా చింత తోపులు. ఊరికి పెద్ద ఓబక్క అనే ముసలామె. ఏటా చింతకాయ దులిపి, దూరదూరపు తోపుల నుంచి ఆడవాళ్లు కొండ అంచుకు బుట్టలు మోసుకొచ్చి, అక్కడి నుంచి గాడిదల మీద కిందికి పంపేవాళ్లు. ఈసారి ఓబక్క ఒక షరతు పెట్టింది: "మా ఊర్లోకి బండి తెచ్చినోళ్లకే తోపులు. బుట్టలు మోసి మోసి మా ఆడోళ్ల మెడలు అరిగిపోయినాయి."

దారి అనేది ఒకటుంది గాని, దాన్ని దారి అన్నది మేకలు మాత్రమే. అయినా ఇద్దరు ముందుకొచ్చారు. ఒకడు శెట్టి. రెండోవాడు శెట్టి బావమరిది నాగభూషణం, అదే సరుకు, అదే సంత. పట్నం నుంచి కొత్త బండి తెచ్చాడు. అద్దాలు వాటంతటవే దిగుతాయి, లోపల ఒక ఆడగొంతు దారి చెబుతుంది.

"బావా, నీ జీపు కొండెక్కితే నేను మీసం తీసేస్తా," అన్నాడు నాగభూషణం అంగట్లో కూచుని, అక్క ఇచ్చిన కాఫీ తాగుతూ.

"నీకు మీసం యాడుండాదిరా తీసేదానికి?" అంది అక్క సుబ్బరత్నమ్మ, శెట్టి భార్య.

పందెం కుదిరిపోయింది. నేను ఎక్కితే శెట్టికి తోపులు, నాకు ఊపిరి. ఎక్కకపోతే తోపులు భూషణానికి, నేను పాత ఇనుము కొట్టుకు.

నన్ను తయారు చేయడానికి మెకానిక్ దాదాపీరును పిలిచారు. అతనికి పని వచ్చు, అంతకు పదింతలు మాటలు వచ్చు.

"శెట్టీ, కమాను పట్టీలు ఎక్కువేసి బండిని జానెడు లేపాల. కడుపు కింద మందపాటి ఇనుప రేకు కొట్టాల, లేకుంటే రాతిగుండ్లు తగిలి ఆయిలు డబ్బా పగిలిపోతాది. టైర్లు నాలుగూ గోర్లుండేవి కావాల, వాట్లో గాలి సగం దించాల, అప్పుడే బండను కరుచుకుంటాయి. బ్రేకులు కొత్తవి వెయ్యాల. ఇంగ చూడు, నా చెయ్యి పడినాక ఈ బండి తాడిచెట్టు ఎక్కుతాది."

"తాడిచెట్టు వద్దులే, చింతచెట్టు దాకా చాలు," అని శెట్టి బేరం మొదలుపెట్టాడు.

కమాను పట్టీలు ఒక చచ్చిన లారీవి దొరికాయి. వాటితో నేను నిజంగానే జానెడు లేచాను. ఇనుప రేకు కొనడమెందుకని శెట్టి అంగడి వెనక పడి ఉన్న పాత కాటా పళ్లాన్ని తెచ్చి వంచి కొట్టించాడు. ఎన్నో ఏళ్లు బస్తాలు తూచిన ఇనుము అది, తూచిన ప్రతిసారీ శెట్టి వైపే మొగ్గినది. నమ్మదగినదని అనను గాని గట్టిది. టైర్లు రెండే కొత్తవి కొని ముందు చక్రాలకు వేయించాడు. ముందువే కదా నలుగురికీ కనపడేది! వెనకవాటికి అరిగిన బోడి టైర్లే మిగిలాయి.

గాలి దించే దగ్గర మాత్రం గొడవైంది.

"ఎక్కించుకున్నది దించేదేందప్పా? ఇంకాస్త కొట్టు, గట్టిగా ఉంటాది," అన్నాడు శెట్టి. చేతికొచ్చిన సరుకును, అది గాలైనా సరే, వెనక్కివ్వడం వాళ్ల వంశంలో లేదు.

"సరే. బ్రేకులన్నా వెయ్యనీ."

"మనం పొయ్యేది యాడికి?"

"పైకి."

"పైకి పొయ్యే బండి, కాలు తీస్తే అదే నిలుస్తాది. ఇంగ బ్రేకెందుకు?"

దాదాపీరు నోరు తెరిచి మళ్లీ మూశాడు. అతను నోరు మూయడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మిగిలింది పూజ. సుబ్బరత్నమ్మ దేన్నయినా సగం చేసే మనిషి కాదు. రెక్కలకు పసుపు, అద్దానికి కుంకుమ, మెడకు నిమ్మకాయల దండ. అంతటితో ఆగక బోర్డులు రాసే ఆయన్ను పిలిపించింది. ముందు చక్రాల నడుమ గుండ్రంగా, నున్నగా దేవుడి కోసమే చేసినట్టు రెండు బిళ్లలు ఉన్నాయి కదా! ఎడమ బిళ్ల మీద శంఖు, కుడి బిళ్ల మీద చక్రం, మంచి ఎనామిల్ రంగుతో మూడు పూతలు వేయించింది. నడుమ తిరునామం బానెట్ మీద. అసలు గుళ్లో ఉన్నవి కూడా అంత నిగనిగలాడవు.

బయలుదేరే ముందు దాదాపీరు బిళ్ల తిప్పబోయాడు.

"చెయ్యి తియ్యి! సామిని తలకిందులు చేస్తావా?"

"అమ్మా, ఇది తిరిగితేనే..."

"తిప్పితే కళ్లు పోతాయి."

"మీ దేవుడి జోలి నాకెందుకులేమ్మా," అని అతను చెయ్యి తుడుచుకున్నాడు. లోపల కర్ర ఉంది కదా అన్నాడు శెట్టి.

ముందుగా భూషణం బండి కదిలింది. రెండో మలుపులో ఒక గుండు మీద కడుపు ఆనించుకుని, పొదిగే కోడిలాగా కూచుంది. చక్రాలు గాల్లో ఆడుతున్నాయి. "వెనక్కి మళ్లండి," అంది లోపలి ఆడగొంతు. ఆ బండిలో బుద్ధి ఉన్నది ఆమెకొక్కదానికే. గుండ్లకోన మగవాళ్లు నలుగురూ చేరి ఎత్తి, కిందికి మళ్లించారు.

తర్వాత నా వంతు. శెట్టి స్టీరింగు పట్టాడు, పక్కన దాదాపీరు, వెనక హారతి పళ్లెంతో సుబ్బరత్నమ్మ. భూషణం కూచున్న గుండు మీదే కాటా పళ్లెం కరకరమని రాసుకుంది. జానెడు ఎత్తూ, ఆ ఇనుమూ నన్ను దాటించాయి. దానిపైన ఏటవాలు బండ. శెట్టి కర్ర లాగాడు. వెనక బోడి టైర్లు గిర్రున తిరిగి పొగ లేపాయి. ముందు కొత్త టైర్లు, చుట్టాల్లాగా, కూచుని చూశాయి. నేను వెనక్కి జారడం మొదలుపెట్టాను.

వెనక లోయ.

శెట్టి బ్రేకు తొక్కాడు. అది నేలకంటింది. దాదాపీరు దూకి వెనక చక్రం కింద రాయి తోశాడు. నిలిచాను.

"బిళ్లలు తిప్పాల శెట్టీ! తిప్పకుంటే ఈ రాయి ఎంతసేపుంటాదో నాకు తెల్దు!"

శెట్టి భార్య వైపు చూశాడు. సుబ్బరత్నమ్మ కింద లోయను చూసింది, పళ్లెంలో హారతిని చూసింది. "సామిని తలకిందులు చేసి సంపాదించేదేమొద్దండీ," అంది.

బండ పైన ఒక రాతి మీద కూచుని వక్కాకు నములుతున్న ఓబక్క ఇదంతా చూస్తోంది. ఉమ్మి ఊసి నవ్వింది.

"ఏమ్మా రత్నమ్మా! చక్రం ఒక సుట్టు తిరిగితే దాని నడుమ ఉండే సామి ఒకసారి తలకిందులైతాడా లేదా?"

ఓబక్క గాల్లో వేలితో ఒక చుట్టు తిప్పి చూపించింది.

"మీ అంగడికాడి నుంచి ఈడిదాకా సామికి పల్టీలు కొట్టించుకుంటా తెస్తిరి. ఇప్పుడు ఇంగొక్కసారి చేత్తో తిప్పితే పాపమొస్తాదా?"

నేను ఇనుమును గనక నవ్వలేదు. సుబ్బరత్నమ్మ మాత్రం శంఖు వైపు చూసింది. తర్వాత పళ్లెం సీటు మీద పెట్టి దిగింది. హారతి కోసం కొట్టిన కొబ్బరి చిప్ప తీసుకుని, బిళ్ల అంచున గడ్డకట్టిన రంగును ఆమే గీరింది. "తండ్రీ, కళ్లు పోతే మా ఆయనవి పోనీ," అని మొక్కుకుని ఆమే తిప్పింది. ఎడమది, తర్వాత కుడిది. దాదాపీరు అదను చూసి టైర్లలో గాలి వదిలాడు. ఆ బుస్సు వినలేక శెట్టి చెవులు మూసుకున్నాడు.

అప్పుడు కదిలాను. పుట్టిన తర్వాత మొదటిసారి నాలుగు కాళ్ల మీద. ముందు తమ్ముళ్లు బండను కరిచిపట్టి లాగారు, వెనక అన్నలు తోశారు. ఇంత బలం నా దగ్గరుందని నాకే తెలియదు. ఆ కొద్దిసేపు నేను ఎవరి బేరమూ కాదు.

పైకి చేరాను. ఊరంతా చప్పట్లు. ఓబక్క చింతమండ ఒకటి విరిచి శెట్టి చేతిలో పెట్టింది, తోపులు ఇచ్చినట్టు గుర్తుగా. శెట్టి మీసం దువ్వుకుంటూ వెనక్కి తిరిగి దారి వైపు చూశాడు. కిందికి దిగే దారి వైపు.

చేతిలోని చింతమండతో ఆ ఏటవాలును చూపించాడు.

"దాదాపీరూ, దించేదెట్ల?"

"నువ్వు ఎక్కేదానికే కదా చేయమంటివి శెట్టీ. దిగేదానికి బ్రేకులుండాల."

"నువ్వు తోలుకుంటా రా. నీ చెయ్యి పడినాక తాడిచెట్టు ఎక్కుతాదంటివి!"

"ఎక్కుతాదనే అంటిని. దిగుతాదని అన్నానా?"

ఓబక్క వచ్చి నా బానెట్ మీద చెయ్యి వేసింది. "ఉండనీలే శెట్టీ. మాకు బండి కావాల్సింది పైనే. తెస్తానంటివి, తెస్తివి. తీసకపోతానని నువ్వు అననూలేదు, పొమ్మని మేము అననూలేదు."

శెట్టి ఆమె మొహం చూశాడు, నా మొహం చూశాడు. బతుకులో మొదటిసారి ఒక బేరంలో తనకంటే ముందు కూచున్న మనిషి కనిపించింది. పక్కన సుబ్బరత్నమ్మ నవ్వు ఆపుకోలేకపోతోంది. చివరికి చింతమండ భుజాన వేసుకుని, ఆలుమగలిద్దరూ మెకానిక్కు వెనక నడిచి దిగారు. కింద భూషణం ఎదురొచ్చి, "బావా, నీ జీపు స్వర్గస్థమాయెనంట!" అన్నాడని ఆ తర్వాత గాడిదల వెంట వచ్చినవాళ్లు చెప్పారు.

కొన్నేళ్లు పైనే తిరిగాను. డబ్బాల్లో డీజిలు గాడిదల మీద ఎక్కేది, నేను తోపుల నుంచి బస్తాలు కొండ అంచుకు చేర్చేదాన్ని, అక్కడి నుంచి అవే గాడిదలు దించేవి. ఆడవాళ్ల మెడలు నిలబడ్డాయి. శెట్టి తోపులూ నిలబడ్డాయి. తర్వాత ఇంజను మూగబోయింది. పాత ఇనుము కొనేవాడు నా కోసం ఇంతదూరం ఎక్కడు, ఎక్కినా మోయలేడు. శెట్టికి వచ్చిన నష్టాల్లోకెల్లా మంచి నష్టం నేనే.

ఇప్పుడు కదలను గనక, ఎడమ చక్రం మీది శంఖు తలకిందులుగానే నిలిచిపోయింది. దొర్లిన రోజుల్లో సగం కాలమన్నా సామి సరిగ్గా ఉండేవాడు. ఏటా చింతకాయల రోజులకు సుబ్బరత్నమ్మ కొండెక్కి వచ్చి, మనుషుల్ని పెట్టి నన్ను అర చుట్టు ముందుకు తోయిస్తుంది. శంఖు నిటారుగా నిలుస్తుంది. హారతి ఇచ్చి, కళ్లకద్దుకుని దిగిపోతుంది. మర్నాడు ఓబక్క నన్ను మళ్లీ వెనక్కి తోయిస్తుంది. నా నీడ పడే చోట ఆమె కోళ్ల గంప ఉండాలి కదా.

సామికి ఒక రోజు, కోళ్లకు మిగతా ఏడాది.