నా రాకతో మూగబోయిన డిస్క్

నేను ఒక ఎస్‌ఎస్‌డీని, కంప్యూటర్‌లో ఫైళ్లు దాచే కొత్తరకం డిస్క్‌ని. చూడ్డానికి వేలెడంత పొడవు, బిళ్లంత మందం. ఎక్కడో పుట్టి, అట్టపెట్టెలో ధర్మవరం చేరాను.

నన్ను కొన్నది చౌడేశ్వరి. పట్టుచీరల అంచులకు కంప్యూటర్ మీద డిజైన్లు గీసే మనిషి. పన్నెండేళ్లుగా గీసిన హంసలు, రుద్రాక్షలు, కోటకొమ్మలు అన్నీ ఆమె పాత హార్డ్ డిస్క్‌లోనే ఉన్నాయి. అది నిదానించిందని, అన్నింటినీ నాలోకి మార్చుకోవాలని రిపేర్లు చేసే ఓబులేసును పిలిచింది.

అతను నన్ను మదర్‌బోర్డు మీది సన్నటి స్లాట్‌లో దూర్చి స్క్రూ బిగించాడు. చక్కగా పట్టాను. కాలు దూరితే చెప్పు సరిపోయిందనుకునే రకం కదా మనుషులు! కంప్యూటర్‌లో నేను కనిపించాను. పాత డిస్క్ కనిపించలేదు.

"పొద్దున బాగుండె గదప్పా?" అంది చౌడేశ్వరి.

ఓబులేసు దాని కేబుల్ తీసి పక్క పోర్టులో గుచ్చాడు. అక్కడా అంతే.

"పాతది గదక్కా, సచ్చిపోయినట్టుంది. ఇప్పి చూస్తా."

అది బతికే ఉందని నాకు తెలుసు. దాని దారిని మూసింది నేనే. నన్ను ఊడబీకితే చాలు, లేచి కూర్చునేది. అతను దాని మూత విప్పాడు. లోపలి అద్దంలాంటి పళ్లెం మీద వేలు పడింది. డిజైన్లన్నీ ఉండేది దాని మీదే.

మర్నాడు ఇంకో కొత్త డిస్క్ తెచ్చి అదే పోర్టుకు తగిలించాడు. అదీ కనిపించలేదు. అప్పుడు తీశాడు, బోర్డుతో పాటు వచ్చిన చిన్న పుస్తకం. నేనున్న స్లాట్ నిండితే అయిదు, ఆరు పోర్టులు పనిచేయవని అందులో ఒక్క వరుస. పాత డిస్క్‌ను గుచ్చి చూసినవి ఆ రెండే. కేబుల్‌ను ఒకటో పోర్టుకు మార్చాడు. కొత్త డిస్క్ కనిపించింది.

ఓబులేసు నోరు మూసుకుని ఉంటే ఆమెకు ఏమీ తెలిసేది కాదు.

"అక్కా, అది సావలేదు. నేనే సంపినా. ముందే ఈ బుక్కు చూసుండాల."

చౌడేశ్వరి మూత ఊడిన పాత డిస్క్‌ను చేతిలోకి తీసుకుని, "మాయమ్మకు సూపిచ్చి గీసిన అంచులు గూడా దాంట్లోనే ఉండెనే" అంది. బెంగళూరుకు పంపి చూశారు. పళ్లెం మీద గీతలు పడ్డాయి, ఏమీ రాదన్నారు.

అప్పటినుంచి ఆదివారం వస్తే ఇద్దరూ అతని బండి మీద బయల్దేరతారు. ఆమె డిజైన్లతో నేసిన చీరలు ఎవరి బీరువాల్లో ఉన్నాయో వెతికి, ఫోటోలు తీసుకొస్తారు. వాటిని చూసి ఆమె మళ్లీ గీస్తుంది. ఇప్పటికి అరవై అంచులు తిరిగొచ్చాయి. మిగిలిన వందలు ఏమయ్యాయో!

"ఎంత బిరీన తెరుచుకుంటాందో!" అని వచ్చినవాళ్లు నా వేగాన్ని మెచ్చుకుంటారు. నాకు సిగ్గేస్తుంది. ఆమె గీసిన ప్రతి అంచునూ ఒక్క చుక్క కూడా పోకుండా దాచుకుంటున్నాను. ఓబులేసులా తప్పు ఒప్పుకోవడానికి నోరు లేని నాకు ఇంతకంటే వేరే దారి లేదు.