నీలం ముంచిన గూళ్ళు

నేను బొమ్మలకు రంగులు వేసే ఒక మైనపు ముక్కను, నీలం రంగుదాన్ని. ఇప్పుడు గోరంత మిగిలాను గానీ, ఒకప్పుడు కాగితపు చొక్కా తొడుక్కుని, మొన చెక్కించుకుని, పన్నెండు మందిమి ఒకే పెట్టెలో వరసగా ఉన్నప్పుడు నా దర్జా మీరు చూడవలసింది.

పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. మరిగే మైనంలో నీలం పొడి కలిపి అచ్చుల్లో పోశారు. చల్లారాక ఒకావిడ నన్ను కాగితంలో చుట్టి, పక్కావిడతో కూతురి జ్వరం గురించి మాట్లాడుతూ, నా ముఖమైనా చూడకుండా పెట్టెలో పడేసింది. కన్నతల్లితో నా చుట్టరికం అంతవరకే. పెట్టెలో నా పక్కన తెలుపు ఉండేది. తెల్ల కాగితానికి తెల్ల రంగు ఎందుకో మనుషులకే తెలియాలి. దాని బతుకు అడవి కాచిన వెన్నెల. నేను మాత్రం ఆకాశం నాదే, సముద్రం నాదే అని మిడిసిపడేదాన్ని. అప్పటికి సముద్రాన్ని చూసిన పాపాన పోలేదు. ధీమాగా మాట్లాడాలంటే చూడకపోవడమే మేలు కదా.

ఆ ఏడు తుఫాను వెలిశాక, బియ్యం మూటలతోనూ దుప్పట్లతోనూ కలిసి మా పెట్టె వ్యానెక్కి చింతలరేవు చేరింది. అది చేపల వేట మీద బతికే ఊరు. ఇళ్ళ కప్పులు లేచిపోయి, ఒడ్డునున్నవి అలలకు కొట్టుకుపోయి, జనమంతా తుఫాను షెల్టర్లో తలదాచుకున్నారు. వేటకు వెళ్ళిన బోట్లన్నీ గాలి ముదరకముందే ఒడ్డు చేరాయి, ఒక్కటి తప్ప. ఆ బోటులో కొర్లయ్య ఉన్నాడు. అతని భార్య హార్బరుకు పోయి కబురు కోసం పడిగాపులు కాస్తోంది. కొర్లయ్య తల్లి గురువులమ్మా, ఏడేళ్ళ కూతురు నూకరత్నమూ షెల్టర్లో ఒక మూల కూర్చుని ఉన్నారు.

సాయం చేయడానికి పట్నం నుంచి వచ్చిన హిమజ అనే అమ్మాయి పిల్లలందరినీ పోగేసి తలా ఒక బొమ్మ కాగితం పంచింది. బొమ్మలో సముద్రపు ఒడ్డు. ఇద్దరు పిల్లలు బకెట్టూ పారా పట్టుకుని ఇసుకతో కోట కడుతున్నారు. కోటకు బురుజులు, పైన ఒక జెండా. సముద్రం ఇల్లు లాక్కున్న పిల్లల చేతికి సముద్రం బొమ్మే ఇచ్చి రంగులు వేసుకోమనడం మనుషులకు మాత్రమే తోచే ఊరడింపు.

"ఇదేటి టీచరమ్మా, ఏసుబాబు సర్చియా?" అని ఒక పిల్ల అడిగింది.

"కాదమ్మా, ఇసుకతో కట్టిన కోట. మీరు కట్టుకోరూ?"

"కోటలు కట్టం. పిచ్చుక గూళ్ళు కడతాం."

తడి ఇసుకలో పాదం పెట్టి, పైన ఇంకాస్త ఇసుక పోసి, అరచేత్తో తట్టి తట్టి, మెల్లగా పాదం వెనక్కి తీస్తే మిగిలేదే పిచ్చుక గూడు. ఆ సంగతి వాళ్ళంతా ఒకేసారి చెప్పబోయి, హిమజకు ఒక్క ముక్కా అర్థం కాకుండా చేశారు. తరవాత బుద్ధిగా రంగులు వేయడం మొదలుపెట్టారు.

నూకరత్నం నన్ను తీసుకుంది. నా పంట పండిందనుకున్నాను. అయితే ఆ పిల్ల సముద్రం జోలికి పోలేదు. తిన్నగా కోట మీద పెట్టి నన్ను రుద్దడం మొదలుపెట్టింది. బురుజులు, జెండా, గుమ్మం అన్నీ నీలంలో కలిసిపోయినా ఆపలేదు. నా చొక్కా చిరిగింది, మొన అరిగింది. తన బొమ్మ అయిపోగానే పక్క పిల్లది లాక్కుంది. ఆ తరవాత ఇంకొకరిది. కోట కనిపించినచోటల్లా నన్ను పులిమేసింది. చుట్టూ పిల్లలు గోలుగోలున ఏడ్చారు.

"ఎందుకమ్మా పాడుచేశావు? ఎంత బాగుందో ఆ కోట!" అంటూ హిమజ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. నూకరత్నం చెయ్యి విడిపించుకుని మళ్ళీ రుద్దసాగింది. "ఆ పాప మనసులో తుఫాను ఇంకా తగ్గలేదు" అని హిమజ తనతో వచ్చినవాళ్ళతో చెప్పి, బొమ్మలను ఫోనులో ఫొటో తీసుకుంది. హిమజ మంచి మనసున్నదే. ఇంకోసారి అడగాలని మాత్రం తోచలేదు.

గోల విని గురువులమ్మ వచ్చింది.

"ఏటే గుంటా, అందరి బొమ్మలూ అలా పులిమీసినావు?"

"ములిగిపోవాల మామ్మా. గూళ్ళన్నీ ములిగిపోవాల."

"ఏ గూళ్ళే?"

"అయ్య ఏటకెల్లిన పొద్దున నాను గూడు కట్టీసినాను. ఏటకెల్లినోలు గట్టెక్కీదాకా ఇసకలో గూళ్ళు కట్టకూడదని నువ్వే సెప్పినావు గదా. కడితే గంగమ్మ తల్లి మనింటోల్ని తనకిచ్చీమని అడుగుతాదని. పడగొట్టీదామంటే ఈలోగా మనల్ని ఇక్కడికి తెచ్చీసినారు."

ముసలమ్మ ముఖం పాలిపోయింది. ఆ మాట ఏ పెద్దలూ చెప్పింది కాదు. ఆటలో పడి పిల్ల ఎక్కడ అలలో కొట్టుకుపోతుందోనని గురువులమ్మే అల్లిన భయం. పిల్లల్ని కాపాడుకోవడానికి మనుషులు చెప్పే అబద్ధాలు ఎక్కడికి పోయి గుచ్చుకుంటాయో వాళ్ళకే తెలియదు.

"ఓలమ్మా, అది ఉత్తి మాటే! నువ్వు నీటికాడికి ఎల్లకుండా నానే అల్లీసినాను."

పిల్ల నమ్మలేదు. గురువులమ్మ దాన్ని రెక్క పట్టుకుని ఒడ్డుకు తీసుకుపోయింది. ఆ పిల్ల గుప్పిట్లో నేనూ వెళ్ళాను.

అలా సముద్రాన్ని మొదటిసారి చూశాను. తుఫాను కలచివేసిన నీళ్ళు, బురద రంగు. నాకూ దానికీ ఏ పోలికా లేదు. ఒడ్డు సగం కోసుకుపోయింది. నూకరత్నం అటూ ఇటూ పరిగెత్తి వెతికింది.

"గూడు నేదు మామ్మా! సముద్రం తీసుకుపోనాది. మరి అయ్య ఎందుకు రానేదు?"

గురువులమ్మ తడి ఇసుకలో చతికిలబడి, పగుళ్ళు వారిన పాదం ముందుకు చాపి, దాని మీద ఇసుక పోయసాగింది.

"ఇటు సూడు. నా కొడుకు నీట్లో ఉండగానే కడతన్నాను. ఏటీ అవదు, సూడు."

అరచేత్తో గట్టిగా తట్టింది. గూడు నున్నగా కుదిరింది. ఇక పాదం తియ్యడమే మిగిలింది.

"తియ్యి మామ్మా."

"తీస్తాను, ఉండవే."

తియ్యలేదు. ఆ అబద్ధం తనదేనని ఆమెకు తెలుసు. తెలిసి కూడా కాలు కదపలేకపోయింది. కాలు తీస్తే గూడు నిలబడుతుంది. ఆమె గూటినీ సముద్రాన్నీ మార్చి మార్చి చూస్తూ పాదం మీద ఇంకాస్త ఇసుక పోసింది. నూకరత్నం మామ్మ ముఖంలోకి చూసింది. అప్పుడు నన్ను వదిలేసి, రెండు చేతులతో ఆ ఇసుకంతా లాగేసింది.

"ఒద్దులే మామ్మా."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నన్ను ఎవరూ తీసుకోలేదు.

ఆ బోటు రాలేదు. నేను ఇక్కడే ఉన్నాను. అలలు నన్ను ఇసుకలో కప్పుతుంటాయి, మళ్ళీ బయటపెడుతుంటాయి. ఆకాశం నాదనే మాట ఇప్పుడు ఎవరితోనూ అనను. ఊరి పిల్లలు నా చుట్టూ మళ్ళీ గూళ్ళు కడుతున్నారు. నూకరత్నం పొడుగైంది. తల్లి వెంట చేపల తట్ట పట్టుకుని ఇటే వెళుతుంటుంది. మొన్న ఎవరో పిల్ల దాన్ని పిలిచింది.

"రాయే రత్నం, గూళ్ళు కడదాం."

అది ఆగింది. తట్ట ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుంది.

"నాను కట్టనే. మా అయ్య ఇంకా ఏటలోనే ఉన్నాడు."