పెరటి షెడ్డుకు వెచ్చదనం

మా ఆయన తైస్తో మా సోత్కమో ఊళ్ళో బస్సు నడిపేవాడు. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ కాలూ సగం పడిపోయాక ఉద్యోగం మానేశాడు. మిగిలింది పాత అకార్డియన్ వాద్యాలు బాగుచేసే సరదా ఒక్కటే. అందుకోసం పెరటి చివర ఒక చెక్కల షెడ్డు ఉంది. వేసవిలో ఫరవాలేదు గానీ మంచు మొదలయ్యాక అందులో కూర్చుంటే వేళ్ళు కొయ్యబారిపోతాయి.

అకార్డియన్ లోపల స్వరం పలికే సన్నని రేకులను మైనంతో అతికిస్తారు. చలి ముదిరితే ఆ మైనం పెళుసెక్కి రేకులు ఊడిపడతాయి. సెగ ఎక్కువైతే కరిగి జారుతుంది. కాబట్టి షెడ్డులో రాత్రీ పగలూ ఒకే తీరున వెచ్చగా ఉండాలి. అదెలాగన్నదే ఆ ఏడాది ఆకులు రాలినన్నాళ్ళూ మా ఇంట్లో మాట.

మా వైపు పొయ్యిల గురించి అభిప్రాయం లేని మనిషి ఉండడు. పక్కింటాయన డీజిల్ హీటర్ అన్నాడు. మా ఆడపడుచు కరెంటు రేడియేటర్లు చాలంది. దుకాణంవాళ్ళు హీట్ పంపు పెట్టుకోమన్నారు, బయటి గాలిలో ఉన్న కాస్త వేడినీ లాగి లోపలికి పంపుతుందట. నేను బడి వంటశాలలో పెద్ద పెద్ద గిన్నెలు ఎత్తి దించి ఇంటికొచ్చి, తైస్తోకి మేజోళ్ళు తొడిగి, ఈ చర్చలన్నిటికీ కాఫీ కాచి పోసేదాన్ని. ఎవరు ఏమన్నా తల ఊపేదాన్ని.

మరిది ఓయివా ఒక శనివారం ట్రాలీలో ఇనప పొయ్యి వేసుకుని దిగాడు. ఎవరిదో పాత సావునా, అదే ఆవిరిస్నానాల గది, కూల్చినప్పుడు దాచి ఉంచాడట.

"వెనకంతా అడవే, కట్టెలకు కరువేముంది? కరెంటు పోయినా ఇది ఆరదు. నిప్పు లేని షెడ్డు కూడా ఒక షెడ్డేనా వదినా?" అన్నాడు.

తైస్తో పొయ్యి తలుపు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. చాలా రోజులకు ఆయన ముఖం విప్పారింది. నేను మాత్రం పొయ్యి నోటికి ఎన్ని కట్టెలు పడతాయో చూశాను.

"కట్టెలు ఎవరు మోస్తారు?" అని అడిగాను.

"అదెంత పని, రోజుకో రెండు బుట్టలు..."

"ఎవరు, ఓయివా? మీ అన్నయ్యకు ఉన్న ఒక్క చెయ్యీ చేతికర్రకే సరిపోతుంది. నువ్వు నెలకోసారి వస్తావు. తెల్లారగట్ల లేచి మంట వేసేదెవరు, పడుకోబోయే ముందు మళ్ళీ వేసేదెవరు? ఆ పేరు చెప్పు, పొయ్యి ఇప్పుడే దింపించుకుంటాను."

మా మగవాళ్ళు మాట తోచనప్పుడు కాఫీ కప్పులోకి చూస్తారు. అక్కడ కప్పులు కూడా లేవు.

తైస్తో, "పోనీలే, పని బల్ల వంటింట్లోకి తెచ్చుకుంటాను. షెడ్డుకి తాళం వేసేద్దాం," అన్నాడు.

నా మీద జాలితోనే అన్నాడు. కానీ ఆయన షెడ్డులో ఉండే ఆ కాసేపే ఇల్లు నాది. మంచాన పడి లేచిన మనిషితో ఆ మాట ఎలా అనడం? అయినా అనేశాను.

"వద్దు. నువ్వు రోజూ కాసేపు అక్కడికి వెళ్ళాలి. నీకోసం ఎంతో, నాకోసమూ అంతే. నేను అలిసిపోయాను, తైస్తో."

ఆయన నొచ్చుకున్నాడు. "ముందే చెప్పాల్సింది," అన్నాడు.

"నువ్వు అడగలేదు," అన్నాను.

ఓయివా పొయ్యిని వెనక్కి తీసుకుపోయాడు. మంట వేసే పని ఉండదని హీట్ పంపుకే మొగ్గాం. అది పెట్టేవాళ్ళు వచ్చి గోడకు రంధ్రం చేస్తే అసలు సంగతి బయటపడింది. రెండు వరసల చెక్కల మధ్య చలి ఆగాలని మా మామగారు నింపిన రంపపు పొట్టు ఏళ్ళ తరబడి కిందికి దిగిపోయి, గోడ పైసగం డొల్లగా ఉంది. ఏ హీటరు పెట్టినా వేడంతా బయటికే.

"నీ పొయ్యి పెట్టుంటే అడవిలో తోడేళ్ళకు చలిమంట వేసేవాళ్ళం రా," అన్నాడు తైస్తో తమ్ముడితో ఫోనులో.

ఓయివా సెలవు పెట్టి వచ్చాడు. పైచెక్కలు ఊడదీసి, బోలుగా ఉన్న చోటల్లా కాగితపు పీచు కూరాడు. తైస్తో పీట మీద కూర్చుని కుడిచేత్తో మేకులు అందించాడు. ఆ తర్వాత చిన్న పంపే సరిపోయింది. ఎముకలు కొరికే చలి రోజుల్లో అది మొరాయిస్తుందని ఒక కరెంటు రేడియేటరు కూడా గోడకు తగిలించాం. ఎవరూ లేచి ఏదీ వెలిగించనక్కర్లేదు.

నిప్పు లేదన్న లోటు తైస్తోకి ఉంది. శ్రుతి చూసేటప్పుడు పంపు గురగురమంటోందని విసుక్కుని ఆపేస్తాడు, మళ్ళీ వేయడం మరిచిపోతాడు. ఒక్క అకార్డియన్‌కే సగం చలికాలం పట్టింది. మైనం మాత్రం పగలలేదు.

పంపు పెట్టిన మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి ఆయన షెడ్డులో ఉన్నాడు. బంగాళదుంపలు తరుగుదామని కూర్చుని, కత్తి చేతిలో ఉండగానే కునుకు తీశాను. మెలకువ వచ్చేసరికి కిటికీలో చీకటి. కత్తి బల్ల మీద ఉంది. తైస్తో వంటపొయ్యి దగ్గర చేతికర్రకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"తొక్క తీయడం నావల్ల కాలేదు, అలాగే ఉడకేశాను. ఇంకాసేపు పడుకో," అన్నాడు.

పడుకున్నాను.