వెలగని రాయి

మణెమ్మగారు అందరి కోసం ప్రార్థిస్తారు. మా ఆయన షుగరు తగ్గాలని, వీర్రాజుగారి చెరువులో రొయ్యకి తెగులు రాకూడదని, ఆఖరికి ఎదురింటి గేదె సుఖంగా ఈనాలని కూడా. హిందువులమని మమ్మల్నెప్పుడూ మినహాయించలేదు. మినహాయించింది ఒక్కరినే, కన్నకూతురు విమలని.

విమల నాలుగేళ్ల క్రితం జంగారెడ్డిగూడెం అబ్బాయి సాయిరామ్‌ని రిజిస్టర్ పెళ్లి చేసుకుంది. ఆ పెళ్లి గుడిలో ఫాదరుగారి ముందు జరగలేదు. "దాని పేరు ఇక నా నోట రాదు" అని మణెమ్మగారు వీధి వీధంతా వినేలా అన్నారు. భర్త మత్తయిగారు ఎంత బతిమాలినా మెత్తబడలేదు. ఇలాంటి పంతం ఎవరికైనా పనికొచ్చినట్టు నేనైతే చూడలేదు.

మండవల్లిలో మా వీధి చివరే ఆర్‌సీఎం గుడి, కేథలిక్కులది. బయటి గోడ మీద మరియమాత నిలువెత్తు బొమ్మ ఉంది. చేతులు రెండూ కిందికి చాచి ఉంటుంది. వేళ్ల ఉంగరాల్లోంచి వెలుగు కిరణాలు దిగుతుంటాయి. ఒక్క ఉంగరం రాయి మాత్రం నల్లగా ఉండేది. ఎందుకని అడిగితే మణెమ్మగారే చెప్పారు. పూర్వం పారిస్‌లో కేథరీన్ అనే కన్యకి మాత ఇలాగే కనబడిందట. కొన్ని రాళ్లు వెలగవేమని ఆ అమ్మాయి అనుకుంటే, అవి జనం నన్ను అడగడం మరిచిపోయిన వరాలు అని జవాబొచ్చిందట.

అంతవరకు చెప్పి, ఆవిడ నల్లరాయి వంక చూశారు. మరిచిపోవడం వేరు, అడగనని భీష్మించుకు కూర్చోవడం వేరు. ఆ సంగతి నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. రోజూ ప్రార్థన అయ్యాక ఆవిడ చూపు ఆ రాయి దగ్గరే ఆగేది.

కొల్లేటి చెమ్మకి రంగు పొరలు లేచిపోతే, మొన్న పండక్కి ముందు ఏలూరు నుంచి ఈశ్వరప్రసాద్‌ని పిలిపించారు. కొట్ల బోర్డుల మీద లక్ష్మీదేవిని వేసి వేసి తిరిగిన చెయ్యి అతనిది. నీలం పైవస్త్రం, పాదాల కింద పాము, అన్నీ ఉన్నదున్నట్టు దిద్దాడు. నల్లరాయి దగ్గరికొచ్చేసరికి, ముందు వేసినవాడు వదిలేశాడనుకుని దానికీ బంగారు రంగు పెట్టి, ఒక కిరణం లాగాడు.

సాయంత్రం మణెమ్మగారు చూశారు. నేను పక్కనే ఉన్నాను.

"ఆ రాయి ఎందుకు మార్చావయ్యా?"

"లోపం కదండీ. అమ్మవారి చేతికి మచ్చ ఉండకూడదని సరిచేశానండీ."

"మళ్లీ నల్లరంగు పుయ్యి."

అతను రెండడుగులు వెనక్కి వేశాడు. "నన్ను ఆ పని చెయ్యమనకండమ్మా. వెలుగుతున్నదాన్ని నా చేత్తో ఆర్పలేనండీ. అంత కావాలంటే మీరే పుయ్యండి."

నల్లరంగు కుంచె ఆవిడ చేతికిచ్చాడు. మణెమ్మగారు మొండి మనిషి. చెప్పులు విడిచి అతను వేసుకున్న బల్ల ఎక్కారు. కుంచె రాయి దాకా వెళ్లి ఆగింది. ఇన్నాళ్లూ అడక్కుండా ఊరుకుంటే సరిపోయింది. ఇప్పుడు నా కూతురు నాకొద్దని తన చేత్తో, మాత మొహం మీదే చెప్పాలి. రంగు కారి మోచేతి మీదుగా చీరకి అంటుకుంటోంది. నాలుగేళ్లుగా ఆవిడ మీద నాకున్న కోపం అక్కడితో పోయింది. జాలేసింది.

"గాయత్రీ, విమలకి ఫోను కలుపమ్మా," అన్నారు బల్ల మీంచే.

నాలుగేళ్లకి ఆ పేరు ఆవిడ నోట విన్నాను. కలిపి స్పీకరు పెట్టి పైకి అందించాను.

"చెప్పండి గాయత్రక్కా," అంది విమల.

"నేనే."

"నాన్నకేమైనా అయ్యిందా అమ్మా?" అంది, సన్నగా.

"ఎవరికీ ఏమీ కాలేదు." మణెమ్మగారు ఫోను నోటి దగ్గరికి తెచ్చుకున్నారు. "నువ్వు కావాలే నాకు. ఒకసారి రా. మీ ఆయన్ని కూడా తీసుకురా."

ఈశ్వరప్రసాద్ ఆవిడ చేతిలోంచి కుంచె మెల్లగా తీసుకున్నాడు. ఫోనులో ఏదో గిన్నె కిందపడిన చప్పుడు, తలుపు తీసిన చప్పుడు వినిపించాయి.

"ఏలూరు బస్సుకి బయల్దేరుతున్నాం," అంది విమల. "ఎక్కేదాకా ఫోను పెట్టెయ్యకమ్మా."