రేపు గారి నీలం పట్టీ

సోమవారం పొద్దున తొమ్మిదింటికల్లా చార్టమ్మ స్టూలెక్కి గోడ మీద తేదీలు వెయ్యడం మొదలుపెడుతుంది. ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో ఉంటే ఉండొచ్చు గానీ, ఆ ప్రకటనల ఆఫీసులో తొమ్మిది మందికీ ఆవిడ చార్టమ్మే. ఏ కంపెనీ ఏ సరుకు అమ్ముకోవాలన్నా, ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో ఆ గోడంత కాగితం మీద తేలాల్సిందే. రోజుకొక గడి. రాతపనికి పసుపు పట్టీ, బొమ్మలకి నీలం పట్టీ, అచ్చుపనికి ఆకుపచ్చ పట్టీ. ఒక పని అయితే గానీ ఇంకోటి మొదలవదు అనుకున్నచోట, ఈ పట్టీ చివర నుంచి ఆ పట్టీ మొదటికి ఎర్ర బాణం గీస్తుంది.

పని నడుస్తున్నన్నాళ్ళూ దాని పట్టీ వెచ్చగా ఉండేది. చలికాలంలో అందరూ అరచేతులు కాచుకునేది అక్కడే. మేనేజరైతే రోజుకి రెండుసార్లు వచ్చి పట్టీల మీద చెయ్యి ఆనించి, "రాతాయన మళ్ళీ కునుకు తీస్తున్నట్టున్నాడు, చల్లగా తగుల్తోంది!" అని లోపలికి కేకేసేవాడు. పని పూర్తయితే పట్టీ చల్లారిపోతుంది. ఆలస్యమైతే, పొద్దున వచ్చి చూసేసరికి ఒక గడి ముందుకి పాకి ఉంటుంది.

అలా పాకించడంలో బొమ్మలాయన్ని మించినవాడు లేడు. ఎప్పుడడిగినా "రేపిచ్చేస్తానక్కా" అనేవాడు, అందుకే ఆయన పేరు రేపు గారైపోయింది. మంచివాడు, బొమ్మ వేస్తే కళ్ళప్పగించి చూడాల్సిందే. కానీ తీరిక మనిషి. తిట్టబోతే ముందే నవ్వేసేవాడు, ఇంకేం తిడతాం!

బడులు తెరిచేలోపు పిల్లల బూట్ల ప్రచారం బయటికి రావాలి. ఆ బొమ్మలు సగంలో ఉండగా, ఒక గురువారం మధ్యాహ్నం రేపు గారు కుర్చీలోంచి లేవబోయి గుండె పట్టుకుని కూలిపోయాడు. ఆస్పత్రికి చేరేలోపే అంతా అయిపోయింది. నలభై నాలుగేళ్ళు. అదీ ఒక వయసేనా?

మర్నాడు పొద్దున ఆయన నీలం పట్టీ ఒక గడి ముందుకి పాకి ఉంది. వెచ్చగానే ఉంది.

"ఇంకా అవలేదేమో పాపం" అన్నాడు రాతాయన.

బూట్లవాళ్ళు ఆగరు కదా. మేనేజరు ఇంకో బొమ్మలమనిషిని పెట్టాడు. చార్టమ్మ ఆయన కోసం కింద ఇంకో నీలం పట్టీ అతికించి, రేపు గారి పట్టీ నుంచి ఆకుపచ్చ పట్టీకి వెళ్ళే బాణాన్ని చెరిపేసి, కొత్త పట్టీ నుంచి గీసింది. బూట్లు బయటికొచ్చాయి, బడులూ తెరిచారు. పాత పట్టీ మాత్రం రోజుకో గడి పాకుతూనే ఉంది. కాగితం అయిపోతే చార్టమ్మ పక్కన ఇంకోటి అతికించేది.

ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి రేపు గారి భార్య రోజూ మధ్యాహ్నం రావడం మొదలుపెట్టింది. వచ్చి, పట్టీ చివరి గడి మీద అరచెయ్యి పెట్టి, అరగంట అలా నిలబడేది. కుర్చీ వేసినా కూర్చునేది కాదు. పిల్లల్లేరు, ఇంట్లో ఒక్కతే. భర్త చార్టమ్మని అక్కా అని పిలిచేవాడు కాబట్టి ఆమెకి చార్టమ్మ వదిన.

"ఇవాళ కాస్త ఎక్కువ వెచ్చగా ఉంది కదా వదినా?" అని అడిగేది, జ్వరం చూసినట్టు.

"అవునమ్మాయ్" అనేది చార్టమ్మ.

నాలుగు నెలలు ఇలాగే గడిచాయి. ఒక శుక్రవారం ఆమె చేతిలో కవరుతో వచ్చింది.

"నేను చదువుకున్న ఊరి బడివాళ్ళు సైన్సు టీచరు ఉద్యోగం ఇచ్చారు వదినా. సోమవారం చేరాలట, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారట."

"ఇంకేం, మంచిదేగా!"

"ఎలా వెళ్ళను? బస్సులో తొమ్మిది గంటల దూరం." పట్టీ వైపు చూసింది. "ఇంత వెచ్చగా ఉన్న మనిషిని వదిలేసి ఎలా వెళ్ళను? రానని రాసేస్తాను."

చార్టమ్మ చేతిలో స్కేలు బల్ల మీద పెట్టేసింది.

"అమ్మాయ్, నీ దగ్గర ఒకటి దాచాను. మీ ఆయన ఎందుకు ముగించట్లేదో నాకు తెలుసు. వెనక ఎవరూ ఆగి లేకపోతే తమ్ముడు ఎన్నేళ్ళయినా అలా దిద్దుకుంటూ కూర్చుంటాడు. అదే అచ్చాఫీసాయన వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడనుకో, 'అయ్యయ్యో, నా కోసం ఆగావా!' అని కంగారుపడి పావుగంటలో చేతిలో పెట్టేవాడు. ఆ బాణం చెరిపింది నేనే. ఇప్పుడా పట్టీ కోసం ఆగినవాళ్ళు ఎవరూ లేరు. ఒక్క బాణం గీస్తే అయిపోయేది, గియ్యలేదు. పద్దెనిమిదేళ్ళు నా పక్క బల్ల, చల్లారిపోతే చూడలేననిపించింది. నీ బతుకు ఇక్కడే ఆగిపోతోందని తెలిసీ నోరు మూసుకున్నాను."

ఆమెకి కోపం వస్తుందనుకుంది చార్టమ్మ. రాలేదు.

"నేనూ అంతే వదినా" అంది ఆమె. "పెళ్ళయిన ఏడాది నుంచీ ఉద్యోగం చెయ్యాలనుంది, ఆ ఊరికి మారిపోదామండీ అనేదాన్ని. రేపు చూద్దాం అనేవారు. సర్లెండి, తొందరేముంది అనేదాన్ని. తొందరుందని ఒక్కసారీ చెప్పలేదు. చెప్పి ఉంటే కదిలేవారేమో."

బల్ల మీది స్కేలు తీసి చార్టమ్మ చేతికిచ్చి, "గీయండి" అంది.

"ఏమని రాయను?"

"నా పేరు రాయండి. సోమవారం గడి నుంచి."

పాఠమూ రాతపనేగా అని చార్టమ్మ కొత్త పసుపు పట్టీ ఒకటి కత్తిరించి అతికించింది, దాని మీద ఆమె పేరు రాసింది. బాణం దగ్గరకొచ్చేసరికి రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి ఆమే వచ్చి చార్టమ్మ మణికట్టు పట్టుకుంది. నీలం పట్టీ చివర నుంచి పసుపు పట్టీకి ఇద్దరూ కలిసి గీశారు.

ఆమె నీలం పట్టీ చివర రెండు చేతులూ ఆనించింది. ఆఫీసంతా తలెత్తి చూస్తోంది. రాతాయన మోగుతున్న ఫోను కట్టేశాడు.

"ఏవండీ, నేను ఆగి ఉన్నాను" అంది మెల్లగా.

మొదటి గడి ముందు చల్లారింది. తర్వాత రెండోది, మూడోది. చార్టమ్మ చేత్తో తడుముతూ ఆ చల్లదనం వెంటే నడిచింది. అది బూట్ల వారాలూ, బడులు తెరిచిన వారమూ, ఆ తర్వాత గడిచిన నెలలూ అన్నీ దాటి ఆమె వేళ్ళ దాకా వచ్చేసింది. పది నిమిషాలు కూడా పట్టలేదు.

"ఇచ్చేశాడమ్మా" అంది చార్టమ్మ.

ఆమె చేతులు తియ్యలేదు. అటూ ఇటూ జరిపి వెతికింది. పైన వెతికింది, కింద వెతికింది.

"ఇంత తొందరగానా?" అంది. "ఒక్క పూటైనా ఆలస్యం చెయ్యొచ్చు కదా వదినా! ఆయనకి అలవాటేగా!"

అంటూనే గోడకి నుదురు ఆనించి భోరుమంది. ఆయన పోయాక ఆమె ఏడవగా ఎవరైనా చూడటం అదే మొదలు. చార్టమ్మ ఆమెని దగ్గరకి లాక్కుని, వీపు నిమురుతూ, తనూ ఏడ్చింది.

ఆదివారం పొద్దున బస్సుకి ఆమె వెళ్ళిపోయింది. సోమవారం పది దాటాక పసుపు పట్టీ మొదటి గడి వెచ్చబడింది. చార్టమ్మ చెయ్యి పెట్టి చూసి, "చేరింది. పాఠం చెబుతోంది" అని అందరికీ వినపడేలా చెప్పింది. నీలం పట్టీని మాత్రం ఊడదియ్యలేదు. తియ్యమని మేనేజరూ అడగలేదు.